శనగనీళ్ళ నురగ

మా ఇంట్లో గుడ్డు అనే మాట కూడా గట్టిగా అనరు. అనక తప్పకపోతే గొంతు తగ్గించి "అది" అంటారు. అలాంటి ఇంట్లో నేను గుడ్డు కొట్టానని మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, ఒక శ్రావణ మంగళవారం పట్టపగలు వీధి వీధంతా వినేలా అరిచారు. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి. చల్లారాక రాస్తే ఇందులో ఉప్పూ కారం ఉండవు.

జగ్గయ్యపేటలో మాది పప్పుల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పెళ్ళికి ముందు, పెళ్ళయిన కొత్తలో కూడా నేను నందిగామలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేదాన్ని. రోజూ సిమెంటు లారీల మధ్య బస్సులో పోయి, దుమ్ము తలతో తిరిగి వచ్చేదాన్ని. పాప పుట్టాక ఆ తిరుగుడు మానేశాను. అంతమాత్రాన నేర్చుకున్న చదువు ఎక్కడికీ పోదు కదా! వెనక వరండాలో ఒక కరెంటు పొయ్యి పెట్టుకుని గుడ్డు లేని కేకులు చేయడం మొదలుపెట్టాను. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి, నందిగామ అపార్టుమెంట్ల నుంచి, మాలాగే గుడ్డు ముట్టని ఇళ్ళ నుంచి ఫోన్లు వచ్చేవి. "ఫలానా వాళ్ళ కోడలు" అని తప్ప నన్ను పిలవని ఊళ్ళో, "కేకులావిడ" అని పిలవడం మొదలైంది. ఆ పిలుపు నాకెంత ఇష్టమో చెప్పలేను. ఆ పొయ్యి పోతే ఆ పిలుపు కూడా పోతుంది.

ఇక శనగల సంగతి. శ్రావణమాసం వచ్చిందంటే మా ఇళ్ళలో శనగల వరద. మంగళవారం నోము, శుక్రవారం వ్రతం, పేరంటాలు. ఎవరింటికి వెళ్ళినా తాంబూలంతో పాటు నానబెట్టిన శనగలు కొంగులో పోస్తారు. ఇచ్చినవి తిరిగి మనకే వస్తున్నాయా అన్నట్టు ఇంటినిండా శనగలే. ఉడకబెట్టి గుగ్గిళ్ళు చేయడం, తినలేక పంచడం. పప్పుల కొట్టు వాళ్ళకి శనగలు వాయనం ఇవ్వడమేమిటని నేను నవ్వితే అత్తయ్యగారు కళ్ళతోనే కసిరేవారు.

ఒకరోజు ఉడికిన శనగల నీళ్ళు తూములో వంపేస్తూ చూశాను. తూము దగ్గర నురగ పేరుకుంది. నేను గిన్నె కడిగి, పొయ్యి తుడిచి, మళ్ళీ వచ్చేసరికి కూడా అది అలాగే ఉంది. ఉత్త నీళ్ళ నురగ అంతసేపు ఉండదు. అక్కడే చతికిలబడి దాన్ని చూస్తూ కూర్చున్నాను. "తూము దగ్గర ఏం పోగొట్టుకున్నావమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు. పోగొట్టుకోలేదు, దొరికింది.

నీటి అణువుల్లో లోపల ఉన్నదాన్ని చుట్టుపక్కలవి అన్నివైపులా లాగుతాయి. గాలి తగిలే చోట, పైపొరలో ఉన్నదానికి పైనుంచి లాగేవాళ్ళుండరు. అందుకని పక్కవాటినీ కిందవాటినీ గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు వల్ల నీటి పైభాగం ఎప్పుడూ ముడుచుకోవాలనే చూస్తుంది. తలతన్యత అని పిల్లల చేత బట్టీ పట్టించేది దాన్నే. అందుకే వట్టి నీళ్ళు ఎంత చిలికినా బుడగ పుట్టిన మరుక్షణమే పగులుతుంది. దాన్ని నిలబెట్టాలంటే నీటికీ గాలికీ మధ్య సరిహద్దులో ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి.

అలా కూర్చునేవాటిలో రెండు జాతులున్నాయి. సబ్బులాంటిది ఒకటి. దాని అణువులో ఒక కొన నీళ్ళను కోరుకుంటుంది, రెండో కొనకు నీళ్ళు గిట్టవు. అందుకని నీళ్ళ అంచుకు పరుగెత్తి, ఒక కొన నీళ్ళలో ముంచి, రెండోది గాలిలోకి పెట్టి నిలబడుతుంది. నీటి బిగువు సడలుతుంది. కుంకుడుకాయలో ఉన్నవి ఇవే. రెండో జాతి ప్రోటీన్లు. ఇవి పొడుగాటి దారాలు, ఉండ చుట్టుకుని ఉంటాయి, నీళ్ళు గిట్టని భాగాలను లోపల దాచుకుంటాయి. ఇవి అంచుకు నిదానంగా చేరతాయి. చేరాక మాత్రం ఉండ విప్పుకుంటాయి, దాచుకున్నది గాలివైపు తిప్పుతాయి, పక్కవాటితో చేతులు కలిపి ఒక పొర అల్లేస్తాయి. సబ్బు జాతి చురుకైనది, ప్రోటీను జాతి మొండిది. సబ్బు మోతాదు మించితే మధ్యలో దూరి ఆ కలిపిన చేతులు విడదీస్తుంది కూడా. శనగలు ఉడికిన నీళ్ళలో ఈ రెండూ ఉన్నాయి. కుంకుడుకాయ చుట్టాలు కాసిని, శనగ ప్రోటీన్లు కాసిని. ఆ నీళ్ళను చిక్కబడేదాకా మరిగించి, చల్లార్చి, గిలక్కొడితే గుడ్డులోని తెల్లసొన చేసే పనే చేస్తాయి. తెల్లసొన కూడా ప్రోటీన్లూ నీళ్ళే కదా!

అప్పటిదాకా నా కేకులు పెరుగు, వంటసోడాలతో నడిచేవి. కాస్త బరువుగా ఉండేవి. శనగనీళ్ళ నురగ కలిపాక దూదిలా వచ్చాయి. తూములోకి పోయేది నా గిన్నెలోకి వచ్చింది. ఆ ఆనందంలో నేను వంటింట్లో గంతులు వేశాను, అబద్ధమెందుకు!

సరిగ్గా అలాంటి ఒక పూటే వదినగారు నందిగామ నుంచి వచ్చారు. శ్రావణమాసంలో పుట్టింటి పేరంటానికి రావడం ఆవిడ అలవాటు. పెరటి గుమ్మంలోంచి వస్తూ, వరండాలో నా గిన్నెలో కొండలా నిలబడ్డ నురగ చూశారు. అంతే.

"అమ్మా! ఓ అమ్మా! ఇటు రా! నీ కోడలు తెల్లసొన గిలక్కొడుతోందే! మంగళవారం పూటా!"

"అవి శనగల నీళ్ళు వదినగారూ. పొద్దున ఉడకబెట్టిన శనగల నీళ్ళు," అన్నాను.

"ఎవరి చెవిలో పువ్వులు పెడతావమ్మా? శనగల నీళ్ళు ఇలా గడ్డలా నిలబడతాయా? ఇది తెల్లసొనే. చూస్తే తెలీట్లా?"

"మీకెలా తెలిసింది? తెల్లసొన మీరెక్కడ చూశారు?"

"ఫోన్లో చూసా. వీడియోల్లో," అన్నారు. కొట్లోంచి పరుగెత్తుకొచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకి వదినగారు తమ్ముణ్ణి క్షమించారు గాని నన్ను క్షమించలేదు.

అత్తయ్యగారు నెమ్మదిగా వచ్చి గిన్నెలోకి చూశారు. వేలు పెట్టలేదు. ఆవిడ అరిచే మనిషి కాదు, అందుకే ఆవిడ మాట ఇంట్లో చెల్లుతుంది. "నాకీ నురగలూ అవీ తెలీవమ్మాయ్. శుక్రవారం అమ్మవారిని పెట్టుకుంటున్నాం. అనుమానం ఉన్న ఇంట్లో నేను నైవేద్యం వండలేను. ఈలోపు ఆ పొయ్యి తీసెయ్," అన్నారు.

కోపం నషాళానికి అంటింది. "అనుమానానికి పొయ్యి తీయిస్తే, రేపు ఇంకో అనుమానానికి నన్ను తీసేస్తారా అత్తయ్యగారూ?"

మా ఆయన వైపు చూశాను. "పోనీ, ఈ నెల వరకూ ఆపితే..." అని నీళ్ళు నమిలాడు.

"ఆపను," అన్నాను. "శుక్రవారం పేరంటానికి వచ్చిన వాళ్ళందరి ముందూ చేసి చూపిస్తా. అత్తయ్యగారే మడిలో శనగలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు ఆవిడ దగ్గరే ఉంచుకోవాలి. నేను ముట్టను. నురగ నిలబడకపోతే పొయ్యి నా చేత్తోనే అమ్మేస్తా. నిలబడితే మాత్రం ఇంకెవరూ నా పొయ్యి జోలికి రాకూడదు."

"చూద్దాంలే," అన్నారు వదినగారు.

ఆవిడ చూస్తూ ఊరుకోలేదు. ఆ సాయంత్రానికే నందిగామలో ఆవిడ ఉండే అపార్టుమెంటు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మొన్న చెప్పిన కేకు వద్దులేండి. ఏమనుకోకండి, మా అత్తగారికి పట్టింపులు ఎక్కువ," అంది. మర్నాడు ముక్త్యాల నుంచి అలాంటిదే ఇంకో ఫోను. చేయని పాపానికి నాకు శిక్ష పడుతోంది. ఏడుపొచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, పొయ్యి మీద దుమ్ము తుడిచాను.

శుక్రవారం మా హాలు పట్టుచీరలతో నిండిపోయింది. కలశం, పూలు, కొబ్బరాకు పందిరి, అగరొత్తుల పొగ. పూజయింది, కథయింది, తోరాలు కట్టుకున్నారు. మామూలుగా అయితే తాంబూలాలు పుచ్చుకుని లేస్తారు. ఆ రోజు ఒక్కరూ లేవలేదు. సంగతి అందరికీ తెలుసు, చెవులు కొరుక్కుంటున్నారు. అత్తయ్యగారు తెల్లవారుతూనే ఉడకబెట్టిన శనగల నీళ్ళు, నేను చెప్పినట్టే చిక్కబడేదాకా మరిగించి, ఇత్తడి చెంబులో మూతపెట్టి తెచ్చారు. నేను నా గిన్నె, గిలక్కొట్టే మిషను తీసుకొచ్చాను.

"ఆగు," అన్నారు వదినగారు. "ఆ మిషనొద్దు. అందులో ఎన్ని తిరిగాయో ఎవరికెరుక? నీ గిన్నె కూడా వద్దు. అమ్మ మజ్జిగ గిన్నె, అమ్మ మడి కవ్వం. దాంతో చెయ్యి."

అందరూ తలలూపారు. న్యాయంగానే అనిపించింది. మొండితనంలో నేనూ సరే అన్నాను. చెంబులో సగం నీళ్ళు ఆ గిన్నెలో పోసి, కవ్వం రెండు అరచేతుల మధ్య పెట్టి చిలకడం మొదలుపెట్టాను. బుడగలు వచ్చాయి. పెద్ద పెద్ద బుడగలు. వచ్చినవి వచ్చినట్టే పగిలాయి. వేగం పెంచాను. చెమటలు కారాయి, గాజులు గలగలలాడాయి. గిన్నెలో గోధుమరంగు నీళ్ళు గోధుమరంగు నీళ్ళలాగే ఉన్నాయి.

మూలనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "మిషను లేకపోతే గుడ్డు లేదు, గుడ్డు లేకపోతే నురగ లేదు," అన్నారు వదినగారు, ఎంతో తీరిగ్గా. మా ఆయన కొట్టు గుమ్మంలోంచి మెల్లగా మాయమయ్యాడు. అత్తయ్యగారు మాత్రం నా ముఖమే చూస్తున్నారు. ఆవిడ కళ్ళలో గెలుపు లేదు, దిగులుంది. ఆ దిగులు నన్ను ఇంకా పొడిచింది. పొయ్యి పోయినట్టే అనుకున్నాను.

కవ్వం కింద పెట్టి చేతులు తుడుచుకోబోయాను. వేళ్ళు జారాయి. నీళ్ళ తడి అలా జారదు. కవ్వం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

వెన్న!

అత్తయ్యగారి అత్తగారి కాలం నుంచి ఆ కవ్వం వెన్న తీస్తూనే ఉంది. ఎంత కడిగినా కొయ్య లోపలికి ఇంకిన వెన్న పోతుందా? ఆ గిన్నె కూడా పెరుగు తప్ప ఇంకోటి ఎరగదు. ప్రోటీన్లు చేతులు కలిపి పొర అల్లుకుంటున్న చోటికి ఒక్క బొట్టు కొవ్వు వచ్చి పరుచుకుంటే చాలు, అక్కడ పొర తెగుతుంది, బుడగ పగులుతుంది. మడి కోసమని ఏ కవ్వం తెచ్చి నా చేతికిచ్చారో, ఆ కవ్వమే నా నురగ గొంతు పిసికింది. నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను.

"ఓడిపోయి నవ్వుతావేంటే?" అన్నారు వదినగారు.

"ఓడిపోయింది నేను కాదు, కవ్వం," అన్నాను. "దీన్నిండా వెన్న ఉంది. జిడ్డు తగిలితే నురగ నిలవదు. కుంకుడు రసం సంగతి మీకందరికీ తెలుసు కదండీ! తలకి నూనె ఎక్కువ పట్టించిన రోజు మొదటిసారి రుద్దితే నురగ వస్తుందా? రెండోసారికి గాని రాదు."

హాల్లో గుసగుసలు మారాయి. "అవును, నిజమే," అంది ఒక పెద్దావిడ, ఆవిడ జడ చూస్తే ఇప్పటికీ కుంకుడుకాయే వాడుతున్నట్టుంది. వదినగారు ఒంటికాలి మీద లేచారు. "ఇప్పుడు తప్పు కవ్వానిదా? రేపు శనగలదంటావు, ఎల్లుండి అమ్మవారిదంటావు!"

"అమ్మవారిని అనను. మిమ్మల్ని అంటా," అన్నాను. పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదంటారు. ఆ రోజు ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు.

"ఇంకో కవ్వం లేదు కదమ్మాయ్," అన్నారు అత్తయ్యగారు. అప్పుడే నాకు తెలిసింది, ఆవిడ నన్ను వెతుక్కోమంటున్నారని. చుట్టూ చూశాను. పందిరికి కట్టగా మిగిలిన కొబ్బరాకు గోడవార ఉంది. ఈనెలు చీల్చాను, మరిగే నీళ్ళలో కడిగాను, తోరాలకి తెచ్చిన దారంతో కట్టగా కట్టాను. పేరంటాళ్ళకి పంచడానికి తెచ్చిన కొత్త స్టీలు గిన్నెల్లో ఒకటి తీసి, స్టిక్కరు పీకి, నిమ్మచెక్కతో రుద్ది, వేడినీళ్ళు పోసి, ఉతికిన గుడ్డతో పొడిగా తుడిచాను. ఇవేవీ నావి కావు, అన్నీ ఆ గదిలోవే. చెంబులో మిగిలిన నీళ్ళు అత్తయ్యగారే పోశారు.

కొట్టాను. ఈనెలతో మిషనంత వేగం రాదు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచెయ్యి, అది నొప్పెడితే మళ్ళీ కుడిచెయ్యి. ముందు పెద్ద బుడగలొచ్చాయి. కాని ఇవి పగల్లేదు. చిన్నవయ్యాయి, ఇంకా చిన్నవయ్యాయి. గోధుమరంగు పోయి గంధం రంగు వచ్చింది. నిమ్మరసం పిండి, పంచదార కొంచెం కొంచెంగా చల్లుతూ కొట్టాను. ఈనెలు లాగిన చోట గీతలు పడి ఉండిపోవడం మొదలైంది. వెనక కూర్చున్నవాళ్ళు మోకాళ్ళ మీద లేచారు. కట్ట పైకెత్తితే నురగ కొసదేరి నిలబడింది.

"నిలబడింది," అన్నాను, ఆయాసంతో.

"పైపైన అలా ఉంది. కింద నీళ్ళే," అన్నారు వదినగారు.

"అయితే గిన్నె తలమీద బోర్లిస్తా. నీళ్ళుంటే పడతాయి. రండి, కూర్చోండి."

ఆవిడ పట్టుచీర సర్దుకుని వెనక్కి జరిగారు. చుట్టూ చూశాను. అంతమంది ఆడవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. తలస్నానం చేసి, పూలు పెట్టుకుని, తోరం కట్టుకున్న రోజు. పడింది శనగల నీళ్ళయినా చీర పాడవుతుంది. పడింది అదయితే వ్రతమే పాడవుతుంది. నా తలమీదే బోర్లించుకుందామని గిన్నె ఎత్తాను.

"ఆగు," అన్నారు అత్తయ్యగారు. వచ్చి నా ముందు పీట వేసుకుని కూర్చున్నారు. "నా వంటింటి మీద వచ్చిన మాట ఇది. నా తలే పెడతా."

"అమ్మా, మడి!" అన్నారు వదినగారు.

"శనగలు ఉడకబెట్టింది నేనేనే. నాకు భయమేంటి? నువ్వు బోర్లించు అమ్మాయ్."

ప్రోటీన్లన్నీ నాకు తెలుసు, అయినా గిన్నెని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆ నెరిసిన జుట్టు మీద, చామంతుల మీద గిన్నె పూర్తిగా తిరగేశాను. ఏమీ పడలేదు. అలాగే పట్టుకుని ఉన్నాను. ఏమీ పడలేదు. అత్తయ్యగారు తల పైకెత్తి గిన్నెలోకి చూశారు. మంగళవారం నుంచి ముట్టనిది, వేలు పెట్టి తీసి, నాలుక మీద వేసుకున్నారు.

"శనగలే," అన్నారు. "గుగ్గిళ్ళ వాసన."

అందరూ ఒక్కసారి మాట్లాడారు. నాకేం వినపడలేదు. గిన్నె కింద పెట్టి, అత్తయ్యగారి పక్కనే నేలమీద కూలబడి, పేరంటాళ్ళందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. అది సంతోషం కాదు, కోపం. నిజం చెప్పినదాన్ని ఇంత మందిలో ఎందుకు నిరూపించుకోవాలన్న కోపం.

జనం వెళ్ళాక మా ఆయన నిదానంగా ప్రత్యక్షమయ్యాడు. "ఇంకేం, పొయ్యి ఉంచుకో. కాకపోతే వరండా తలుపు మూసుకుని చేసుకో. ఎవరి కంటా పడకపోతే గొడవుండదు," అన్నాడు. వదినగారు కూడా అదే మంచిదన్నారు.

"తలుపు మూస్తే గుడ్డంటారు," అన్నాను. "పొయ్యి అక్కడ్నుంచి తీసేయమన్నారుగా. తీసేస్తా."

మర్నాడే తీసేశాను. వెనక వరండాలోంచి తీయించి, కొట్టు ముందు, వీధికెదురుగా, శనగల బస్తాల పక్కన పెట్టించాను. కందిపప్పు తూచుకునే ప్రతివాళ్ళకీ నా గిన్నె కనబడుతుంది. వద్దన్న నందిగామ ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. వచ్చి చూసి తీసుకెళ్ళమన్నాను, వచ్చింది. ఇప్పటికీ వచ్చిన కొత్తవాళ్ళు నురగ చూసి ముఖం అదోలా పెడుతుంటారు. నేను నోరు తెరిచేలోపే గల్లాపెట్టె పక్కనుంచి అత్తయ్యగారి గొంతు వినబడుతుంది.

"అనుమానముంటే అడగండమ్మా, బోర్లించి చూపిస్తుంది. తల మాత్రం మీరే పెట్టాలి. నేను పెట్టేశా."